మా పక్కింటాయన అడుగుతూ వెళ్ళిన అమ్మాయి

పత్రిక చదివే అందరికీ నమస్కారం. ముందుగా నన్ను క్షమించాలి. నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఎక్కడ మానాలో ఇప్పటికీ అనుమానమే. మా అమ్మాయి టైపు చేసి పెడతానంది గాని ఇది నా చేత్తో రాయాలనిపించింది. అచ్చువేసేవాళ్ళు తప్పులుంటే దిద్దుకోండి. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. మన తెలుగు సంఘం కలిసినప్పుడు కూడా గోడవారన కుర్చీలో కూర్చుని పులిహోర తిని వచ్చేస్తాను. అందుకని మీలో చాలామందికి నేను తెలియను. అత్లోన్‌లో వృద్ధాశ్రమంలో పనిచేసే నర్సమ్మాయి వాళ్ళ నాన్న అంటే కొందరికి గుర్తు రావచ్చు.

మా పక్కింటాయన పోయారు. మూడు వారాలైంది.

మా వీధికి మంగళవారం పొద్దున్న చెత్త బండి వస్తుంది. సోమవారం సాయంత్రమే డబ్బాలు బయట పెట్టాలి. నేను ఈ ఊరు వచ్చి ఆరేళ్ళు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మా డబ్బా నేను పెట్టలేదు. ఆయనే తనదీ మాదీ రెండూ లాక్కెళ్ళి, చక్రాలు కాలిబాట అంచుకి ఆనించి, మూతలు ఒకసారి తట్టి వచ్చేవారు. ఆ మంగళవారం కిటికీలోంచి చూస్తే వీధి పొడుగునా డబ్బాలున్నాయి. మా రెండిళ్ళ ముందే లేవు. ఒంట్లో బాగాలేదేమో, చూసొద్దామని కోటు తొడుక్కుంటూ ఉండగానే ఆయన కూతురు తలుపు కొట్టింది.

"నాన్న పోయాడు, తాతయ్యా," అంది.

ముందురోజు మధ్యాహ్నం కుర్చీలో పేపరు చదువుతూ నిద్రపోయారట. అలాగే ఉండిపోయారట. ఆ అమ్మాయి చెప్పినదంతా ఇంగ్లీషే, 'తాతయ్యా' అన్న మాట తప్ప. వాళ్ళింట్లో అందరూ నన్ను అలాగే పిలుస్తారు. నా మనవరాలు పిలవడం విని నేర్చుకున్నారు. ఆయన కూడా అలాగే పిలిచేవారు, నాకన్నా పెద్దవారై ఉండి కూడా. పెద్దవారని నేను అనుకోవడమే. ఆయన వయసు ఆయనకీ తెలియదు. కాగితాల్లో పుట్టినరోజు జనవరి ఒకటి అని ఎవరో రాసిపెట్టారట. "ఎవరూ చెప్పనప్పుడు అందరికీ అదే రోజు రాస్తారు," అని నవ్వేవారు.

ఆయనది ఘానా. ఈ దేశం వచ్చి పాతికేళ్ళు దాటింది. మందుల ఫ్యాక్టరీలో నేలలు తుడిచి రిటైరయ్యారు. నేను ఆయన్ని 'సార్' అనేవాణ్ణి. ఇంగ్లీషులో నాకు వచ్చిన మర్యాద అదొక్కటే. మొదటిసారి అన్నప్పుడు ఆయన వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. "బతికినంత కాలంలో నన్ను సార్ అన్నది నువ్వొక్కడివే," అన్నారు తరవాత. ఆయన ఇంగ్లీషు నెమ్మదిగా, ముక్కముక్కగా ఉండేది. నా అల్లుడి ఇంగ్లీషు కన్నా, టీవీలో ఇంగ్లీషు కన్నా అదే నాకు బాగా అర్థమయ్యేది. అర్థం కానిచోట నా మనవరాలు ఉండేది. ఆయన మాటలు ఇక్కడ నాకు తెలిసిన తెలుగులో రాస్తున్నాను.

ఆయనతో పరిచయం ప్రశ్నతో మొదలైంది. నేను పెరట్లో కుండీలో గోంగూర వేసుకున్నాను. గోడ మీదుగా తల పెట్టి అడిగారు.

"అది తింటారా?"

తలూపాను.

"ఏది తింటారు? ఆకా, కాయా, వేరా?"

ఆకు తుంపి ఇచ్చాను. నమిలారు. మొహం అంతా ముడుచుకుపోయింది. అయిపోయింది, ఇంక ఈ మనిషి మనతో మాట్లాడడు అనుకున్నాను. చెయ్యి చాపి, "ఇంకొకటి ఇవ్వు, ఇప్పుడు సరిగ్గా చూస్తాను," అన్నారు.

అదీ ఆయన పద్ధతి. దేన్నైనా రెండోసారి అడిగి చూసేవారు. నేను తువ్వాలు తలకి ఎలా చుట్టుకుంటానో అడిగారు. ఆవకాయ జాడీకి గుడ్డ ఎందుకు కడతారో అడిగారు. చదవడం కూడా అంతే. యాభై దాటాక ఈ ఊళ్ళోనే పెద్దవాళ్ళ క్లాసులో అక్షరాలు నేర్చుకున్నారట. అప్పట్నుంచి కనపడిందల్లా పైకి చదివేవారు. పాలడబ్బా వెనక, బస్టాపులో, చెత్త డబ్బా మీద. ఎడమచేతి బొటనవేలు మాట కింద పెట్టుకుంటూ జరిపేవారు. ఆ వేలికి చివరి కణుపు లేదు. నేను చూశాను గాని అడగలేదు. నాకు అడగడం రాదు.

కోకో సంగతి బయటపడింది నా మనవరాలి వల్ల.

అక్టోబరు చివర ఇక్కడ పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ వస్తారు కదా. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో చాక్లెట్ల గిన్నె పెట్టుకుని కూర్చునేవారు. ఊరికే ఇవ్వరు. ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి. "ఇది ఎక్కడ కాస్తుంది?" ఒకడు ఫ్రిజ్‌లో అన్నాడు. ఒక పిల్ల క్యారెట్ లాగా మట్టిలో అంది. ఇంకొకడు, "షాపులోనే గదా, నీకు తెలీదా?" అని ఆయన్నే జాలిగా చూశాడు. తప్పు చెప్పినా చాక్లెట్ ఇచ్చేవారు. జవాబు కోసం అడిగేవారు కాదు, పిల్లలు ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని అడిగేవారు.

అప్పటికి నా మనవరాలికి ఏడేళ్ళు. మంత్రగత్తె టోపీ పెట్టుకుని వాళ్ళ అమ్మతో వెళ్ళింది. "మై తాతయ్య హ్యాజ్ దట్ ట్రీ," అంది.

ఆయన గిన్నె కుర్చీలో వదిలేసి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మా ఇంటికి వచ్చేశారు.

"తాతయ్యా, నీకు కోకో చెట్టుందా?"

"ఒకటి కాదు సార్. తోట," అన్నాను.

నాది ఏలూరు నుంచి చింతలపూడి వెళ్ళే దారిలో లోపలికి ఉన్న ఊరు. మూడెకరాల కొబ్బరి తోట. కొబ్బరి నీడలో కోకో వేశాను. మీలో గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది కొత్తకాదు. ఆయనకి మాత్రం లోకం తలకిందులైనట్టుంది. కోకో తమ దేశంలో, తమ పక్క దేశాల్లోనే ఉంటుందనుకున్నారట. మా మెట్ల మీద నా పక్కన కూర్చుని గంటసేపు అడిగారు. కొబ్బరి కింద ఎంత ఎండ పడుతుంది? కాయ తినేది ఉడతా, ఎలుకా? పులియబెట్టేటప్పుడు మీద ఏ ఆకు కప్పుతారు? అరటాకు అన్నాను. ఆయన నా మోకాలి మీద గట్టిగా కొట్టారు. "మేమూ అరటాకే!" ఈలోగా పిల్లలు ఆయన గిన్నె ఖాళీ చేసేశారు. ఆయన కూతురు వచ్చి, "డాడ్, దే క్లీన్డ్ అస్ అవుట్!" అని నెత్తి కొట్టుకుంది.

చాలామంది అడుగుతారు, ఆయన చాక్లెట్ తినేవారా అని. బాగా తినేవారు. ముందు వాసన చూసేవారు. తరవాత చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. "రెండురోజులు తక్కువ పులిసింది," అనేవారు. నిజమో అబద్ధమో నాకు తెలియదు. ఒక్కసారి మాత్రం, "ఇది బాగుంది. ఎవరు చేశారో వాళ్ళకి చేతులు బాగున్నాయి," అన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళ గురించి అన్నారనుకున్నాను. కాదట. గింజ తీసినవాళ్ళ గురించి.

రెండేళ్ళ కిందట అల్లుడు ఇండియా వెళ్ళి వస్తూ మా తోట గింజలు ఒక పొట్లం తెచ్చాడు. ఎండినవి. పక్కింటాయన ఒక గింజ తీసుకుని జేబులో చాకుతో సగానికి నిలువుగా కోశారు. లోపలి రంగు చూసి, "పులిసింది అయిదు రోజులా? ఆరా?" అన్నారు.

"అయిదు సార్."

"ఆరు చేస్తే బాగుండేది."

ఒప్పుకున్నాను. ఆ ఏడు వాన తొందర పెట్టింది. మా అమ్మాయి డ్యూటీలో ఉందని ఇద్దరం గింజలు బాండీలో వేసి వేయించాం. పొగ లేచింది. పైన ఉన్న అలారం చెవులు గింగురుమనేట్టు అరిచింది. ఆయన చీపురు కర్రతో దాన్ని పొడుస్తుంటే, నేను తలుపు తీసి తువ్వాలుతో విసురుతుంటే, మా అమ్మాయి కారు దిగింది.

"ఏంటి నాన్నా ఇది? ఊరంతా వినపడతంది! వీధిలో వాళ్ళు పోలీసు గార్డుల్ని పిలిచేస్తారు!"

"గింజలమ్మా," అన్నాను.

"గింజలా! ఆ బాండీ కొత్తది నాన్నా!"

ఆయన చీపురు కర్ర కిందకి దింపి, చాలా వినయంగా ఒక గింజ పొట్టు ఒలిచి మా అమ్మాయి చేతిలో పెట్టారు. అది కోపంగానే నోట్లో వేసుకుంది. తరవాత ఇంకొకటి అడిగింది.

ఆ రోజే కర్ర సంగతి వచ్చింది. కాయ దేంతో కొడతారని అడిగారు. చిన్న కర్రతో అన్నాను. కత్తి పెడితే లోపలి గింజ తెగుతుంది, తెగిన గింజకి బూజు పడుతుంది, అందుకని కర్రతో ఒక దెబ్బ కొట్టి విరుస్తాం. ఆయన తన ఎడమ బొటనవేలు పైకెత్తి చూసుకున్నారు.

"కర్ర," అన్నారు. "మాకు ఎవరూ చెప్పలేదు."

అప్పుడు చెప్పారు. వాళ్ళ ఊరు దేశానికి ఉత్తరాన, ఎండిపోయిన చోట. దూరపు మామ వరసయ్యే పెద్దమనిషి ఒకాయన వచ్చి, బడిలో వేస్తానని తల్లికి మాటిచ్చి లారీ ఎక్కించాడు. రెండురోజుల ప్రయాణం. దిగితే అడవిలో కోకో తోట. ఆయనతోపాటు ఇంకా నలుగురు పిల్లలు. ఎంత వయసు అంటే, చెయ్యి తన నడుం దగ్గర పెట్టి చూపించారు. నా మనవరాలు ఆ చేతి పక్కన నిలబడి చూసుకుంది. తన తల అంతకన్నా పైకే ఉంది. కాయల బుట్ట నెత్తిన పెడితే మెడ లోపలికి దిగిపోయినట్టుండేదట. కత్తి తన చెయ్యంత పొడుగు. కాయ ఎడమచేతిలో పట్టుకుని కుడిచేత్తో కొట్టాలి. మూడో కాపులో బొటనవేలు పోయింది. ఏదో ఆకు పసరు పిండి గుడ్డ కట్టారు. మర్నాడు గింజలు ఎండబెట్టే పని ఇచ్చారు, దానికి ఒక చెయ్యి చాలని.

"బడి?" అన్నాను. ఆయన్ని నేను అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటాను.

"నేనూ అదే అడిగేవాణ్ణి. ఈ కాపు అయ్యాక అనేవాడు. ప్రతిసారీ. ఈ కాపు అయ్యాక."

ఆరు కాపులు చేశారు. తరవాత గింజల బస్తాల లారీలో దాక్కుని రేవు ఊరికి పారిపోయారు. అక్కణ్ణుంచి కథ చాలా పొడుగు. ఆయన పొడుగ్గా చెప్పలేదు. పోయేదాకా ఆ వైపు నుంచి ఎవరు ఫోన్ చేసినా ఆయన మొదట అడిగేది ఒకటే. "పిల్లల లారీలు ఇంకా వెళ్తున్నాయా?" వెళ్తున్నాయనే చెప్పేవారట. తగ్గాయి గాని ఆగలేదని. ఫోన్ పెట్టేశాక ఆయన కాసేపు ఏదీ చదివేవారు కాదు.

వారం తిరిగేసరికి ఆయన చేతిలో ఒక కర్ర. వాళ్ళ మనవడు బంతి కొట్టి ఆడే హర్లీ కర్ర విరిగితే, ఆ ముక్క కోసి, గీకి, పిడికి బట్ట చుట్టారు. "ఇంత ఉంటుందా మీ కర్ర?" అన్నారు. ఇంకొంచెం పొట్టి అన్నాను. మళ్ళీ కోశారు. అత్లోన్‌లో కోకో కాయ ఎక్కడ దొరుకుతుంది? వేషాల పండగ అయిపోయాక గుమ్మాల ముందు చెక్కకుండా వదిలేసిన గుమ్మడికాయలు ఏరుకొచ్చి వాటిమీద నేర్చుకున్నారు. మొదటి దెబ్బకి కాయ విరగలేదు, నుజ్జయి నా కోటు నిండా పడింది. "అంత గట్టిగా కాదు సార్," అన్నాను. నాలుగో కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. లోపల గింజలు ఒక్కటీ తెగలేదు. ఆయన ఆ చెక్కలు రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను.

ఇక ఇక్కడ నా తప్పు రాయాలి. రాయకుండా ఆయన్ని గుర్తు చేసుకోవడం కుదరదు.

ఆయన అడిగారు. "మీ తోటలో గింజలు ఎవరు తీస్తారు?" మనవరాలు మధ్యలో కూర్చుని ఆయన మాట నాకూ నా మాట ఆయనకీ అందిస్తోంది. నేను సరదాగానే మొదలుపెట్టాను. నిజానికి గొప్పగానే చెప్పాను. పాతికేళ్ళ కిందట పోలవరం ఏజెన్సీ వైపు నుంచి ఒక జట్టు పనికి వచ్చేది. అందులో ఒకామెకి ఒక కూతురు. ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఆ పిల్ల గింజ తీసినట్టు పెద్దవాళ్ళు కూడా తీయలేరు. చిన్న వేళ్ళు. గుజ్జులోంచి గింజలు బొటబొటా తట్టలో పడేవి. ఒక్కో కాయకి ఎన్ని గింజలో పైకి లెక్కపెట్టేది. యాభై దాకా వచ్చు. యాభై దాటితే మళ్ళీ ఒకటి నుంచి. రెండు కాపులు మా తోటలోనే చేసింది. ఊళ్ళో బడి మాస్టారు సైకిలేసుకుని వచ్చి, "ఆ పాపని పంపండి, పేరు రాసుకుంటాను," అన్నారు. నేను, "ఈ కాపు అయ్యాక పంపిద్దాం మాస్టారూ," అన్నాను.

మనవరాలు అక్కడ ఆగిపోయింది.

"తాతయ్యా," అంది. "డిడ్ యూ సే దట్? యూ?"

నాకు అప్పటికీ అర్థం కాలేదు. చెప్పమన్నాను.

"నో. ఐమ్ నాట్ సేయింగ్ ఇట్ టు హిమ్." దాని కళ్ళలో నీళ్ళున్నాయి. "యూ సే ఇట్."

అప్పుడు నా మాట నాకు వినపడింది. పాతికేళ్ళ తరవాత.

ఆయన నా మనవరాలి తల మీద చెయ్యి వేశారు. "చెప్పమ్మా. నాకు తెలుసుకోవాలని ఉంది," అన్నారు. అది చెప్పింది, నేల చూస్తూ. నేను కూడా నేల చూస్తున్నాను. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. కోపం కూడా రాలేదు. కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నారు.

"ఆ పెద్దమనిషిని నేను ఒక్కటి అడగాలనుకున్నాను. ఎందుకలా అన్నావు అని. నేను మళ్ళీ వెళ్ళేసరికి చచ్చిపోయాడు. నువ్వున్నావు. నువ్వు చెప్పు తాతయ్యా. ఎందుకన్నావు?"

నాలుగు రోజులు ఆలోచించాను. వాళ్ళు లేనివాళ్ళు, పిల్ల తల్లితోనే ఉండాలి, మేము అన్నం పెట్టేవాళ్ళం, అందరూ అలాగే చేసేవాళ్ళు. ఇవన్నీ మనసులో వరసగా వచ్చాయి. అన్నీ నిజమే. ఏదీ జవాబు కాదు. అయిదో రోజు గోడ దగ్గరికి వెళ్ళాను. మనవరాల్ని పిలవలేదు. నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను.

"ఆ పిల్ల చేతులు బాగా పనిచేసేవి సార్. నాకు కావలసి వచ్చాయి. అంతే."

ఆయన తలూపారు. "థాంక్యూ," అన్నారు. "నేను కూడా అదే అయ్యుంటుందనుకున్నాను. కాని చెప్పేవాళ్ళు లేరు." తరవాత అడిగారు. "ఆమె పేరేంటి?"

నాకు తెలియదు. రెండు కాపులు నా తోటలో పనిచేసిన పిల్ల పేరు నాకు తెలియదు. 'ఏయ్ పిల్లా' అనేవాణ్ణి.

"నన్నూ అంతే," అన్నారాయన. "ఇప్పుడు ఎక్కడుంది?"

తెలియదు.

"చదవడం వచ్చా?"

తెలియదు.

"అయితే కనుక్కో. నాకు చెప్పినట్టే ఆమెకీ చెప్పాలి నువ్వు. ఆమె కూడా అడగాలనుకుంటూ ఉంటుంది."

అప్పట్నుంచి ప్రతి సోమవారం సాయంత్రం డబ్బాలు పెట్టి వస్తూ మా గుమ్మం దగ్గర ఆగేవారు. "కబురు వచ్చిందా?" నేను ఊరికి ఫోన్ చేసేవాణ్ణి. మా బామ్మర్ది మొదట నవ్వాడు. "ఏం బావా, అంత దూరం ఎల్లి ఇప్పుడు కూలోళ్ళ పిల్లని ఎతుకుతున్నావా? ఎవరన్నా ఇంటే ఏవనుకుంటారు?" అన్నాడు. మళ్ళీ మళ్ళీ చేస్తే వాడే తిరిగాడు. జట్టుని తెచ్చే మేస్త్రీ పోయాడట. ఆ వైపు ఊళ్ళవాళ్ళు చాలామంది వేరే చోట్లకి మారిపోయారట. తల్లి పోయిందని ఒకరు, లేదని ఒకరు. కూతురికి పెళ్ళి చేసి జంగారెడ్డిగూడెం వైపు ఇచ్చారని ఒకరు. ఆ బడి మాస్టారు కూడా ఏ ఊళ్ళో ఉన్నారో తెలియలేదు. ఉంటే పేరు చెప్పేవారేమో. ఒకసారి దొరికిందన్నారు. ఫోన్‌లో మాట్లాడితే ఆమె వేరు. పాపం ఆవిడ, "నేను కాదండి బాబూ, కాని ఎవరో దొరికితే బాగుణ్ణు," అంది.

ఆ సంగతి చెబితే పక్కింటాయన, "ఈవిడకి చదవడం వచ్చా?" అన్నారు. అడగలేదన్నాను. "అడగాల్సింది," అన్నారు, నిజంగా నిరాశపడి. ఎవరైనా సరే, ఆయనకి తెలుసుకోవాలి.

ఆయన నన్ను ఎప్పుడూ దెప్పలేదు. గోంగూర పచ్చడి ఎప్పటిలాగే గిన్నెతో పట్టుకెళ్ళేవారు, గిన్నె కడిగి అరటిపళ్ళు పెట్టి తిరిగి ఇచ్చేవారు. నా మనవరాలు మాత్రం నెలరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. దానికీ ఆయనే చెప్పారు. "మీ తాతయ్య జవాబు చెప్పాడు. అది చాలా కష్టమైన పని." మొన్నామధ్య ఒక రోజు స్కూలు నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. "తాతయ్యా, డిడ్ షీ ఎవర్ ఆస్క్ యూ ఎనీథింగ్?" అంది.

అడిగింది. అది నేను పక్కింటాయనకి కూడా చెప్పలేదు, ఇప్పుడు మీకే రాస్తున్నాను. ఒక రోజు ఒక పెద్ద కాయలో యాభైకి పైనే ఉన్నాయి. ఆ పిల్ల తట్ట పక్కన లేచి నిలబడి నన్ను అడిగింది.

"బాబుగోరూ, యాభై తరవాత ఎంతండి?"

"ముందు పని చూడు," అన్నాను.

మనవరాలికి ఇది చెప్పాను. అది నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. పక్కింటాయనకి కూడా వచ్చే సోమవారం చెబుదామనుకున్నాను. ఆ సోమవారమే ఆయన కుర్చీలో నిద్రపోయారు.

ఆయన్ని ఇంట్లో ఒకరోజు ఉంచారు. వీధి వీధంతా వచ్చింది. ఇక్కడి వాళ్ళు శాండ్‌విచ్‌లు తెచ్చి, వరసలో నిలబడి చేతులు కలిపి, "సారీ ఫర్ యువర్ ట్రబుల్," అని చెప్పి టీ తాగారు. ఘానా వాళ్ళు ఎరుపూ నలుపూ బట్టల్లో వచ్చి పాడారు. మా అమ్మాయి పులిహోర చేసి పంపింది. నేను మామూలుగానే గోడవారన కూర్చున్నాను. ఆయన కూతురు నన్ను వెతుక్కుంటూ వచ్చి వంటింట్లోకి తీసుకెళ్ళింది.

వాళ్ళ వంటింటి అల్మరా తలుపు లోపలివైపు చెత్త బండి క్యాలెండరు అతికించి ఉంది. ఏ మంగళవారం ఏ డబ్బా పెట్టాలో రంగులు వేసి పంచుతారు కదా, అది. ప్రతి మంగళవారం గడిలో రంగు పక్కన ఆయన పెన్నుతో ఒక ప్రశ్న గుర్తు పెట్టుకున్నారు. వంకరగా, పెద్దగా, ఆలస్యంగా రాయడం నేర్చుకున్నవాళ్ళు పెట్టినట్టు. గడిచిన వారాల ప్రశ్నల పక్కన చిన్న గీత. కబురు లేదని. మిగతావి ఖాళీ. ఆయన డిసెంబరు దాకా ముందే పెట్టేసుకున్నారు.

"ఇదేంటో నాకు తెలీదు తాతయ్యా," అంది ఆ అమ్మాయి. "అడిగితే, అది తాతయ్య ప్రశ్న, జవాబు ఆయన దగ్గర్నుంచి రావాలి అనేవాడు."

క్యాలెండరు తీసి నాకిచ్చింది. హర్లీ కర్ర కూడా ఇచ్చింది. పిడికి చుట్టిన బట్ట మీద గుమ్మడికాయ మరక ఇంకా పచ్చగానే ఉంది.

ఇప్పుడు సోమవారం సాయంత్రం డబ్బాలు నేనే పెడుతున్నాను, మాదీ వాళ్ళదీ. చక్రాలు అంచుకి ఆనించడం మొదటివారం రాలేదు. ఇప్పుడు వస్తోంది. మూతలు తట్టి వచ్చి, లోపల క్యాలెండరు ముందు నిలబడతాను. ఆయన లేకుండా మూడు వారాలు. మూడు గీతలు నేనే పెట్టాను.

అందుకే ఈ ఉత్తరం. మీలో చాలామందిది మా వైపే. ఇళ్ళకి ఫోన్ చేసినప్పుడు అడగండి. చింతలపూడి దారిలో ఒక కోకో తోటలో, తల్లితో వచ్చి, కాయ గింజలు పైకి లెక్కపెట్టిన అమ్మాయి. ఇప్పుడు ముప్పై నాలుగో ముప్పై అయిదో ఉంటాయి. పిల్లలుండవచ్చు. పేరు చెప్పలేను, చెప్పగలిగితే ఇంత రాసేవాణ్ణి కాదు. దొరికితే ముందు ఆమె పేరు అడగండి. చదవడం వచ్చా అని కూడా అడగండి, అది మా పక్కింటాయన ప్రశ్న. యాభై తరవాత ఎంత అని ఒకప్పుడు ఆమె అడిగితే జవాబు చెప్పనివాడు ఆమెతో మాట్లాడాలనుకుంటున్నాడని చెప్పండి. ఆమె వద్దంటే బలవంతపెట్టొద్దు. ఆ సంగతైనా నాకు రాయండి. పత్రికవారికి పంపితే నాకు అందిస్తారు.

వచ్చే మంగళవారం గడిలో పచ్చరంగు వేసి ఉంది. పక్కన ఆయన పెట్టిన ప్రశ్న గుర్తు. దాని పక్కన చోటు ఖాళీగా ఉంది. పెన్ను క్యాలెండరుకి దారంతో కట్టి ఉంచాను. కాస్త త్వరగా రాయండి.